నేను వినని నవ్వు

ఇరవై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎందుకు చేశావని అడుగుతారు. మీరూ అడుగుతారు. అడగండి.

సెల్‌ఫోన్లు ఊళ్లోకి రాని రోజులవి. నల్లపాడుకు దగ్గర్లో మా ఊరు. నా కొట్లో ఎస్టీడీ ఫోను ఉండేది. మిరపకోతలకు వెళ్లే మరియమ్మ కూతురు సుశీలకు (పేర్లు మార్చాను) హైదరాబాదు యూనివర్సిటీలో ఎమ్మే సీటు వచ్చింది. ఆదివారం ఆదివారం నా ఫోనుకే చేసేది. నేను వెళ్లి మరియమ్మను పిలుచుకొచ్చి, పక్కనే కూర్చుని అంతా వినేవాణ్ణి.

నేను బడి ముఖం చూడలేదు. పొట్లాల కాగితాలు చదివి తెలుగు, డిక్షనరీ కొనుక్కుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. సుశీలకు ఇంగ్లీషు చెప్పింది నేనే. మొదటి రెండు నెలలూ ఆ పిల్ల ఫోన్లో ఏడ్చేది. పాఠాలు అర్థం కావట్లేదని, మెస్సులో ఒక్కతే తింటున్నానని, నోరు తెరిస్తే వెనక బెంచీల వాళ్లు నవ్వుతున్నారని. తల్లితో మాట్లాడాక నన్ను పిలిచి మాటలకు అర్థాలు అడిగేది. నేను డిక్షనరీ తీసేవాణ్ణి.

దసరా తర్వాత ఏడుపు ఆగింది. స్నేహితులు దొరికారంది. లైబ్రరీలో కలిసి చదువుకుంటున్నామంది. అర్థాలు అడగడం మానేసింది. నేను సంతోషించాలి కదా? అనుమానించాను. ఇంతలోనే అంత ధైర్యం ఎక్కడిది? ఎవడిచ్చాడు? ఏడ్చినన్నాళ్లూ ఆ పిల్లను నమ్మినవాణ్ణి, కుదురుకున్నానంటే నమ్మలేకపోయాను.

ఒక ఆదివారం ఒక అబ్బాయి ఫోను చేశాడు. క్లాస్‌మేట్‌నన్నాడు. సుశీల జ్వరంతో హాస్టల్లో పడుకుందని, వాళ్లమ్మ కంగారు పడకుండా చెప్పమందని, తగ్గాక తనే చేస్తుందని అన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండింది.

మరియమ్మకు జ్వరం సంగతి చెప్పలేదు. “ఎవడో కుర్రాడు చేశాడు. పక్కన మీ పిల్ల పకపకా నవ్వుతా ఉంది. నిన్ను పిలవకముందే పెట్టేశారు” అన్నాను.

మర్నాడే మరియమ్మ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని రైలెక్కింది. నాలుగో రోజుకు కూతుర్ని పెట్టెతో సహా తీసుకొచ్చింది. ఆ సాయంత్రం తల్లీకూతుళ్లు నా కొట్టుకొచ్చారు. సుశీల కళ్లు పీక్కుపోయి ఉన్నాయి.

“తాతగారూ, ఆ పూట నేను మంచం మీంచి లేవనే లేదండి. నా నవ్వు మీరెట్టా విన్నారు?”

“విన్నానమ్మా.”

“నాదేనా?”

“నీ నవ్వు నాకు తెలవదా?”

మరియమ్మ కూతురి జబ్బ పట్టుకుంది. “పెద్దాయనకి అబద్ధమాడాల్సిన కర్మేంటే? పద ఇంటికి.”

సుశీల మళ్లీ చదువుకు వెళ్లలేదు. ఆ ఏడే తల్లి పక్కన మిరపకాయలు కోసింది. తర్వాత పెళ్లయి వినుకొండ వెళ్లింది.

ఎందుకు చేశాను? ఆడపిల్ల క్షేమం కోసమని ఏళ్ల తరబడి నాకు నేనే చెప్పుకున్నాను. ఆ పట్నాన్ని, ఆ యూనివర్సిటీని నలుగురిలో కూర్చుని తిట్టాను. నాకు దక్కని చదువు ఒక కూలిమనిషి కూతురికి, అదీ నా డిక్షనరీ అవసరమే లేకుండా దక్కుతుంటే ఓర్వలేకపోయానని ఒప్పుకోవడానికి మాత్రం నోరు రాలేదు. మా ఇంటి పిల్లయితే ఆ మాట అనేవాణ్ణా? జ్వరం ఎంతుందని అడిగేవాణ్ణి.

మరియమ్మ ఇప్పటికీ, కూతురు చెడిపోకుండా నేను కాపాడాననే నమ్ముతుంది. దారిలో కనబడితే చేతులెత్తి దణ్ణం పెడుతుంది. నేనూ పెడతాను. వెళ్లి ఆమెకు చెప్పవయ్యా అంటారు మీరు. చెబుతానో లేదో, నా మీద నాకే నమ్మకం లేదు. పేరు లేకుండా ఇలా రాయడమూ పిరికితనమే.

అయినా రాస్తున్నాను. ఆ పిల్ల నవ్వలేదు. తల్లికి చెప్పమన్న మాట నేను చెప్పలేదు. రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడింది. ఆ తేలిక నాకు దక్కాల్సింది కాదని తెలుసు. అయినా ఆడింది.