మత్తు ఎవరిస్తారు?

మా అమ్మ బుగ్గ మీద కాలిన మచ్చ ఉంది. చిన్నప్పుడు పొయ్యి మంట అంటుకుందట. ఆ మచ్చ పెదవిని కిందికి లాగేస్తుంది. జాలరిపేటలో చేపల గంప ముందు కూర్చుంటే వీధంతా వినబడే గొంతు ఆమెది. ఫోటో అనగానే మాత్రం పక్కకు తప్పుకునేది. అరవై దాటాక, "నానూ ఓ పాలి తిన్నగా ఫోటోలో పడాల" అని పట్టుబట్టింది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

మచ్చ తీయించే ఆపరేషన్ కోసం మొదట వెళ్లిన క్లినిక్‌లో ఏసీ, సోఫాలు, గోడ నిండా అందమైన మొహాలు. "మత్తు ఎవరిస్తారు?" అని అడిగాను. "అదంతా మావాళ్లు చూసుకుంటారు మేడమ్" అన్నాడు డాక్టరు. ఎవరా మావాళ్లు? ఏం చదివారు? ఆపరేషన్ అయ్యేదాకా పక్కనే ఉంటారా, సూది పొడిచి వెళ్లిపోతారా? మళ్లీ మళ్లీ అడిగితే నవ్వి గడియారం చూశాడు. నాకు ఒళ్లు మండింది. అమ్మను లేపి తీసుకొచ్చేశాను.

ఆ తర్వాత నాకు కాలు ఒకచోట నిలవలేదు. కూర్మన్నపాలెంలో మా క్వార్టర్స్‌లో తెలిసినవాళ్లందరినీ అడిగి విసిగించాను. చివరికి వేరే ఆసుపత్రిలో మత్తు డాక్టరే మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడింది. ఏం చదివారని అడిగితే విసుక్కోకుండా చెప్పింది. అమ్మ కళ్లు తెరిచేదాకా పక్కనుంచి కదలనంది. ఆపైన తన ప్రశ్నలు మొదలుపెట్టింది.

"చుట్ట, బీడీ అలవాటుందా అమ్మా?"

పక్కనే మా ఆయన కూర్చున్నాడు. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం మా పేటలో పెద్ద ఆడవాళ్లకు మామూలే. కానీ అల్లుడి కంట పడితే పరువు తక్కువ. ఆయన ఇంటికొస్తే అమ్మ చుట్ట పట్టుకుని పడవల చాటుకు పోయేది.

"నాకేటీ అలవాటు నేదమ్మా" అంది, నా కాలు తొక్కుతూ.

నేను కాలు వెనక్కి లాక్కున్నాను. "రోజూ తాగుతుంది. అడ్డపొగ" అనేశాను.

డాక్టరు అమ్మ నోరు తెరిపించి అంగిలి చూసింది, ఊపిరి వింది, ఛాతీకి పరీక్షలు రాసింది. చుట్ట మానేసి కొన్ని వారాలు గడిస్తేనే మత్తిస్తానంది. అమ్మ కొంగు మొహం మీదికి లాక్కుంది. మా ఆయన ఫోన్ వచ్చినట్టు బయటికి వెళ్లిపోయాడు.

ఆటోలో అమ్మ విరుచుకుపడింది. "అల్లుడి ముందు నా పరువు తీసేసినావ్. ఆ ముందు డాట్రే మంచోడు. ఏటీ అడగనేదు!"

"అందుకే నిన్ను ఆడి సేతిలో పెట్టనేదు. మత్తులోంచి నువ్వు లెగకపోతే నానేటైపోతానమ్మా?"

అమ్మ రొంటిలోంచి చుట్టల కట్ట తీసి నా ఒళ్లో పడేసింది.

"నీకాడుంచు. నానడిగినా ఇవ్వకు."