ఆరని పసుపు లైటు

అప్పుడు నాకు అక్షరాలు రావు, అందుకే ఇన్నేళ్లకు రాస్తున్నాను. గల్ఫ్ దేశంలో, మబేలా అనే ఊళ్లో నేను పనిచేసే ఇంటి కారు పెట్రోలు వాసన కొట్టింది, స్టీరింగు ముందు పసుపు రంగు ఇంజిన్ లైటు వెలిగింది. నన్ను కూడా తీసుకెళ్తానన్న బహ్లా ప్రయాణం మేడం ఆపేసింది. బహ్లాలో ఇంకో ఇంట్లో మా అక్క పనిచేసేది. ఒకే దేశంలో ఉండీ రెండేళ్లుగా ఒకరినొకరం చూసుకోలేదు.

ఆ ఇంటి డ్రైవరు, కడపవాడు, పెట్రోలు ట్యాంకు పైపులోకి గాలి కొట్టి, పైన సబ్బునీళ్లు పూశాడు. ఒకచోట బుడగలొచ్చాయి.

"పెట్రోలు ఆవిరి ఈడ పోతాంది సూడక్కా," అని కొత్త పైపు వేశాడు. వాసన పోయింది, లైటు ఆరలేదు. అది ఆరితేనే బయలుదేరదామంది మేడం.

"బండిని నాలుగు తూర్లు బయట తిప్పితే అదే ఆరుతాది. ఓపిక పట్టక్కా."

"రెండేళ్లు పట్టాను, చాలదా?"

మర్నాడు పొద్దున్నే చేపలకని ఒకసారి, కొత్తిమీర మరిచానని మరోసారి కారు తీయించి, ఆ లైటునే చూస్తూ వెనక సీట్లో కూర్చున్నాను.