మొగిలి చేయించుకున్న పరీక్ష

రాయదుర్గంలో ఒక ఐటీ భవనం గేటు దగ్గర మొగిలి సెక్యూరిటీ గార్డు. పదేళ్లుగా అనుమానపడుతున్నందుకే జీతం తీసుకుంటున్న మనిషి. మెడలో కార్డు వేలాడుతున్నా సరే, దాని మీది ఫొటోనూ మొహాన్నీ పోల్చి చూడనిదే ఎవరినీ లోపలికి వదలడు. ఆ బుద్ధి ఇంటికొచ్చినా పోదు. కూరగాయలామె కాటా మీద అనుమానం, గ్యాస్ సిలిండర్ బరువు మీద అనుమానం.

అలాంటివాడి పదకొండేళ్ల కూతురు హర్షిణికి లూపస్ అన్నారు. కీళ్లు వాచి, బుగ్గల మీద ఎర్రటి మచ్చలొస్తే దవాఖానకు తీసుకెళ్లాడు. డాక్టర్ రత్నమాల రక్తపరీక్ష కాగితం చూపించింది.

"ఒంటికి కాపలా కాయాల్సిన యాంటీబాడీలు సొంత ఒంటినే కొడుతున్నాయండి. గేటు దగ్గర గార్డు ఆఫీసువాళ్లనే దొంగలనుకుని బాదినట్టు."

గార్డులంటే ఇంత లోకువా అని మొగిలికి అప్పుడే మండింది. పైగా గోలీలు మొదలుపెట్టిన నెలకే పిల్ల మొహం గుండ్రంగా ఉబ్బింది. అసలు రోగముందా, వీళ్లే అంటగట్టారా? తేల్చుకోవాలని శేరిలింగంపల్లిలో వేరే ల్యాబుకి వెళ్లి, అదే పరీక్ష తనకు చేయించుకున్నాడు. గుండ్రాయిలా ఉన్న తనకూ పాజిటివ్ వచ్చింది! దొరికారు దొంగలు అనుకున్నాడు. ఆ సాయంత్రమే గోలీలన్నీ బీరువా మీద దాచేసి, "ఇగ బంద్ బిడ్డా" అన్నాడు.

పదో రోజు కూతుర్ని వెంటబెట్టుకుని, కాగితం తీసుకెళ్లి రత్నమాల బల్ల మీద పెట్టాడు.

"గిదేంది మేడం? నాకు గూడ ఉన్నదట. నన్ను గూడ పేషెంటును చేస్తరా?"

ఆమె నింపాదిగా చదివింది. "మీకు ఈ యాంటీబాడీ కాస్తే ఉందండి. ఏ జబ్బూ లేనివాళ్లలోనూ కొందరికి అంతమాత్రం ఉంటుంది. పాపకు చాలా ఎక్కువ. దానికితోడు లూపస్‌ని పట్టించే ఇంకో యాంటీబాడీ కూడా ఉంది. కిడ్నీలు దెబ్బతింటాయేమోనని నా భయమంతా దాని వల్లే. మందులు వేస్తున్నారుగా?"

"బంద్ చేసిన. తొమ్మిది దినాలైంది."

రత్నమాల చటుక్కున లేచి నిలబడింది. "ఎవరినడిగి ఆపారండీ! ఇవి ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికొస్తుంది!"

మొగిలికి కూతురి మొహంలోకి చూడడానికి కూడా భయమేసింది.

"నేను ఆపలే ఆంటీ," అంది హర్షిణి. "స్టూలేసుకొని దించుకున్న. రోజూ ఏస్కుంటున్న." తర్వాత తండ్రి వైపు తిరిగింది. "నీకన్నీ డౌట్లే గదా డాడీ. అందుకే నీకు చెప్పలే."

గండం గడిచిందని మొగిలికి ఊపిరి వచ్చింది, ఆ వెనకే సిగ్గుతో తల వాలిపోయింది. పిల్లను పరీక్షించాక రత్నమాల కొత్త మందులచీటీ రాసింది. అతను చెయ్యి చాపాడు. ఆమె దాన్ని హర్షిణి చేతిలో పెట్టింది.