కర్పూరం చెట్టు కొమ్మ ఎవరు కోసినట్టు?

నిన్న మధ్యాహ్నం అమలాపురం నుంచి ఫోన్. ప్రభుదాసు మాస్టారి అమ్మాయి రూతు.

"అంకుల్, నాన్నగారు వెళ్ళిపోయేరండి."

కుర్చీలోంచి లేచాను. ఎందుకు లేచానో తెలియదు. మళ్ళీ కూర్చున్నాను.

ఎరగనివారి కోసం: డెబ్భైల చివర మేమిద్దరం కోనసీమలో ఒకే కాలేజీ. ఆయన బోటనీ డెమాన్‌స్ట్రేటర్, నేను ఇంగ్లీషు ట్యూటర్.

రాజోలు వైపు ఒక మిషన్ ఆసుపత్రి ఆవరణలో కర్పూరం చెట్టు ఉండేది. చైనా, జపాన్ దేశాల చెట్టు. ఎప్పుడో ఒక దొరసాని నాటించిందట. కొబ్బరి తప్ప మరొకదాన్ని చెట్టుగా పరిగణించని మన ప్రాంతంలో దానికి రికార్డు లేదు.

మాస్టారు ఆ రికార్డు తయారు చేశారు. పూతకోసారి, కాయకోసారి సైకిలును పంటు ఎక్కించి ఏరు దాటేవారు. కొమ్మ కోసి తెచ్చి, పాత పేపర్ల మధ్య అణచి ఆరబెట్టేవారు.

"మా ఇంట్లో ముందు ఆకులు ఆరాలండి, తరవాతే పిల్లల గుడ్డలు," అనేవారు వాళ్ళావిడ.

ఆరిన కొమ్మను షీటుకు కుట్టి, మూలన లేబుల్ అంటించారు. చెట్టు పేరు, ఊరు, సేకర్త పేరు. సేకర్త అంటే కోసినవాడు. ప్రపంచమంతటా ఇదే అర్థం, మా కాలేజీ బోటనీ శాఖ మినహా.

శాఖాధిపతి గారు అది చూసి నవ్వారు. నేనక్కడే ఉన్నాను.

"కోతలు మీవాళ్ళకి తరాల నించీ అలవాటే కదయ్యా. పేరు రాసుకునే పని మాకొదిలెయ్."

మాస్టారి తాత, తండ్రి వరికోతల కూలీలు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

మాస్టారు చేతిలోని సూది కింద పెట్టారు.

"ఆయ్. మా తాతగారు కోసిన చేలో ఒక్క వరిపన మీదా ఆయన పేరు లేదండి. దీని మీద ఉంటదండి."

మర్నాటికి ఆ లేబుల్ మీద మరో లేబుల్. సేకర్త: శాఖాధిపతి. చెట్టు ఏ దిక్కున ఉందో వారికి తెలియదు. పరిశోధనకు అది ఆటంకం కాదని గ్రహించవలెను.

"చింపెయ్యండి మాస్టారూ," అన్నాను.

హెర్బేరియంలో, అంటే ఆరిన కొమ్మల షీట్లు భద్రపరిచే చోట, చింపడం నిషిద్ధం. తప్పనిపిస్తే పక్కన సవరణ చీటీ అంటించి సంతకం చేయాలి.

"అబద్ధమైనా సరే, అంటించింది చింపకూడదండి," అని మాస్టారు చీటీ అంటించారు. శాఖాధిపతి దాని పక్కన ఇంకోటి. మాస్టారు మరొకటి. ఏళ్ళు గడిచేసరికి ఆకులు కనబడలేదు, చీటీలే.

ఎనభైల్లో తనిఖీ సంఘం వచ్చింది. చెట్టు దగ్గరకు పోలేదు. టిఫిను చేసి తీర్పిచ్చింది: షీటు పాడైనది, తొలగించవలెను.

కాలేజీ ఆస్తిని చెడగొట్టినందుకు మాస్టారికి మెమో. ప్రమోషన్ నిలుపుదల. షీటును ల్యాబు వెనక తగలబెట్టారు. సువాసన పట్ల సంఘసభ్యులు హర్షం వ్యక్తపరచిరి.

ఈ ఉదయం కాలేజీ పేజీలో సంతాప సందేశం: "కర్పూర వృక్ష నమూనా సేకరణలో శాఖాధిపతి గారికి ఎనలేని సహకారం అందించారు."

సహకారం.

కింద కామెంట్ పెట్టాను. తొలగించారు. మళ్ళీ పెట్టాను. తొలగించారు. వారి కార్యదీక్ష అభినందనీయం.

సాయంత్రం సమాధి దగ్గర కాలేజీ తరఫున మాట్లాడతామన్నారట. "రమ్మనమంటారాండీ?" అని రూతు అడిగింది.

"రానియ్యమ్మా. ఆ కొమ్మ కోసింది మీ నాన్నగారని ముందు ఒక్క మాట చెప్పమను. చెప్పలేకపోతే గేటు దగ్గరే దండ తీసుకుని పంపెయ్."

రూతు అంది:

"దండ మాత్రం ఎందుకండీ?"

సెలవు, మాస్టారూ. ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేని చోట ప్రశాంతంగా ఉండండి.