సీలు లేని నీళ్లు

మా సైట్ ఆఫీసులో ఇరవై లీటర్ల నీళ్ల జారును స్టాండు మీద బోర్లించినప్పుడల్లా ఒక పెద్ద గాలి బుడగ పైకి లేచి గుడగుడమంటుంది. బయట మిల్లు ఎంత మోత పెడుతున్నా ఆ చప్పుడు నాకు విడిగా వినిపిస్తుంది. మొన్న కొత్తగా చేరిన సూపర్‌వైజరు కుర్రాడు జారు బోర్లించి, దాని మెడ దగ్గర అంటించిన చీటీని గోటితో గీకడం మొదలుపెట్టాడు. ప్లాంటు నంబరు, నీళ్లు పరీక్ష చేయించిన తేదీ ఉండే చీటీ అది. "యే కిస్‌లియే హై అంకుల్?" అన్నాడు, ఇదెందుకని. గీకొద్దని మాత్రం చెప్పాను. ఆ చీటీ ఎవరి వల్ల వచ్చిందో చెప్పబోయి ఆగిపోయాను. ఆవిడ సంగతి చెబితే నా సంగతీ చెప్పాలి. ఎనిమిదేళ్లుగా నేను చెప్పనిది అదే.

ఆవిడ పేరు మహాలక్ష్మి. టాటానగర్‌లో రైల్వే పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మేముండే పర్సుడీహ్ బస్తీలో అందరికీ టీచరమ్మ. భర్త గూడ్సు గార్డుగా పనిచేసి పోయారు. వరండాలో నాలుగు బెంచీలు, గోడకి ఒక స్ప్రింగు కాటా, దాని పక్కన 'వినియోగదారుల సంఘం' అని హిందీలోనూ తెలుగులోనూ రాసిన అట్ట ఉండేవి. ఆదివారం మధ్యాహ్నం వంటలయ్యాక ఆడవాళ్లు అక్కడ చేరేవారు. ఎక్కువమంది మా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లే. గ్యాసు సిలిండరు తూకం తగ్గిందనో, కొన్న నెలకే మిక్సీ కాలిపోయిందనో చెప్పుకునేవారు. నేను మాత్రం అలాంటి చోటికి వెళ్లే మనిషిని కాదు. ఫ్యాక్టరీలో ఒక ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద పని, సాయంత్రం స్కూటరు మీద ఇల్లు. అంతే నాకు తెలిసిన లోకం.

మా పాపకి కామెర్లు వచ్చినప్పుడు మొదటిసారి ఆ మెట్లెక్కాను. డాక్టరు నీళ్ల వల్లే అన్నాడు. మేము తాగేది జారు నీళ్లే. ప్లాంటు వాడి మీద కేసు వేయాలని కోపంగా చెప్పాను. ఆవిడ అంతా విని, "పిల్లకెలాగుంది?" అని అడిగారు.

"తేరుకుంటంది."

"మీ ఈదిలో ఇంకెవుల్లకి వచ్చింది?"

తెలియదన్నాను.

"అది కనుక్కోకండా వచ్చినావేటి నాయినా? ఎల్లు. ఇల్లిల్లూ తిరిగి రా. అప్పుడు టీ ఇత్తాను."

ఆ సాయంత్రం తిరిగాను. మా వీధి ఒక్కదానిలోనే ఏడు ఇళ్లలో ఉంది జబ్బు. గోడకు గోడ ఆనుకుని ఉంటూ ఎవరికి వాళ్లం పసరు మందు తెచ్చుకుంటూ కూర్చున్నాం. తిరిగొచ్చి ఆ మాట చెబితే ఆవిడ నిజంగానే టీ ఇచ్చారు. "నీ కేసు నువ్వు గెలుత్తావనుకో. నీ పిల్ల వరకు న్యాయం అవుద్ది. పక్కింటి పిల్ల రేపు పొద్దుట మళ్లీ అయ్యే నీళ్లు తాగుతాది. సంఘం ఉన్నది నీ కేసు కోసం కాదు, ఆ పిల్ల కోసం" అన్నారు. నా కేసు ఉండనే ఉంటుంది, ముందు ఈ నీళ్లను చూసుకునే నియమం ఏదో వెతుకుదామన్నారు.

వెతికితే తెలిసింది, అలాంటి నియమం ఏదీ లేదని. సీలు వేసిన సీసా అయితేనే తమ పరిధి అన్నారు ఒక ఆఫీసులో. పైపులో వచ్చే నీళ్లయితేనే తమవి అన్నారు రెండో చోట. మూడో చోట దుకాణానికి లైసెన్సు ఇవ్వడం వరకే మా పని అన్నారు. బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు టీచరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని నవ్వారు. "ముగ్గురికీ చెందని నీళ్లు మన కడుపులోకి మాత్రం దారి తెలుసుకొని వత్తన్నాయి చూడు." ఆ ఆదివారం నుంచి అర్జీ మొదలైంది. జారు నింపే ప్రతి ప్లాంటూ తన పేరు నమోదు చేసుకోవాలి, మూడు నెలలకోసారి నీళ్లు పరీక్ష చేయించి ఆ తేదీ జారు మీద అంటించాలి. అంతే అందులో అడిగింది. నాకు హిందీ రాయడం వచ్చు కాబట్టి రాసే పని నాకిచ్చారు. ఆడవాళ్లు చెప్పింది చెప్పినట్టే రాయమనేవారు టీచరమ్మ.

ఇళ్లలో పనిచేసే పైడితల్లి ముందు ఒప్పుకోలేదు. "నాను సదూకోనేదు టీచరమ్మా. నా మాట ఆపీసోల్లు ఇంతారేటి?"

"నీళ్లు తాగడానికి సదువుండాలేటే? తాగినదానివి నువ్వు. నువ్వే సెప్పాల."

పైడితల్లి చెప్పింది. ఆ కాగితంలో అధికారులు రెండుసార్లు చదివిన భాగం అదేనని తర్వాత తెలిసింది. ఆ ఆదివారాలు నాకు ఎంత ఇష్టమయ్యాయంటే, సెలవు రోజున ఓవర్‌టైం పడితే దిగులు పుట్టేది.

ఉత్త మాట చాలదు, నీళ్లు పరీక్ష చేయించాలన్నారు టీచరమ్మ. ఒక ఉదయం మా వీధి చివర జార్ల బండిని ఆపించారు. బండివాడి ముందే జారు మూత తీసి వంచి, ముందురోజు ఉడకబెట్టి ఆరబెట్టిన మూడు సీసాలు నింపాం. సీసాలు పట్టుకున్నది నేను. ఆవిడ కొవ్వొత్తి మీద లక్క కరిగించి, భర్త కోటు ఇత్తడి గుండీతో ముద్ర వేశారు. బండివాడు సంతకం పెట్టనని వెళ్లిపోయాడు. సాక్షి అన్నచోట నేను పెట్టాను. రాంచీ నుంచి వచ్చిన పరీక్ష కాగితంలో, ఆ నీళ్లు తాగడానికి పనికిరావని ఉంది. అర్జీ అందుకున్న అధికారి ప్లాంటు వాళ్లనీ మమ్మల్నీ ఒకే రోజు బ్లాకు ఆఫీసుకి పిలిచాడు.

దానికి ముందురోజు మధ్యాహ్నం మా ఠేకేదారు నన్ను పక్కకు పిలిచాడు. ఆ నీళ్ల ప్లాంటు ఆయన బావమరిదిదని అప్పుడే తెలిసింది. బెదిరించలేదు. భుజం మీద చెయ్యి వేసి, "నీ గేటు పాసు ఈ వారంతో అయిపోతోంది కదా సింహాచలం. రేపు నువ్వు నిజంగా ఏం చూశావో బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు" అన్నాడు. గేటు పాసు లేకపోతే ఫ్యాక్టరీ లోపలికి అడుగు పడదు. ఠేకేదారు సంతకం లేకుండా పాసు రాదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు ప్లాంటు తరఫు మనిషి తాపీగా అన్నాడు, ఆ సీసాల్లో నీళ్లు జారువి కావు, బోరింగువి అని. అధికారి కాగితం చూసి, "సాక్షి ఎవరు? నింపుతున్నప్పుడు నువ్వు చూశావా?" అని నన్నడిగాడు. టీచరమ్మ నా వైపు చూడను కూడా చూడలేదు. చూడాల్సిన అవసరం ఉందని ఆవిడకి తోచలేదు. నేను లేచి, "నేను తర్వాత వచ్చాను సార్. సంతకం పెట్టమంటే పెట్టాను" అన్నాను. అప్పుడు తిరిగి చూశారు. అందులో కోపం లేదు. క్లాసులో లెక్కలు బాగా వచ్చిన పిల్లాడు సులువైన లెక్క తప్పు చేస్తే చూసినట్టు చూశారు.

అర్జీ పక్కన పడింది. వారానికి మా ఇద్దరికీ నోటీసులు వచ్చాయి. చూడకుండా సంతకం ఎలా పెట్టావో, ఎందుకు పెట్టించారో రాతపూర్వకంగా చెప్పాలని. సిగ్గు విడిచి ఆవిడ ఇంటికే పరిగెత్తాను. నన్ను కూర్చోబెట్టి, నా ఎదుటే జవాబు రాశారు. సాక్షి తర్వాత వచ్చిన మాట నిజమేనని, తానే తొందరపెట్టి సంతకం చేయించానని, తప్పంతా తనదేనని.

"ఇది అబద్ధం కదా టీచరమ్మా" అన్నాను. అనడానికి నాకు నోరెలా వచ్చిందో.

"పాసు వచ్చిందా?"

నేను చెప్పకుండానే పాసు సంగతి ఆవిడకి తెలిసిపోయింది. తలూపాను.

"నాకు పోగొట్టుకోడానికి పాసు లేదు కదా. పోనీలే. ఆదివారం రా. అర్జీ మళ్లీ మొదట్నుంచి రాయాల."

వస్తానన్నాను. వెళ్లలేదు.

అబద్ధమాడిన రోజు కన్నా ఎక్కువగా నన్ను తినేది ఆ తర్వాతి ఏళ్లు. టీచరమ్మ సీసా మార్చిందట అన్న మాట బజారంతా పాకింది. ఒకసారి టీ బడ్డీ దగ్గర ఎవరో ఆవిడ లక్క ముద్ర వేసే తీరును అనుకరిస్తే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎదురుగా ఆవిడ వస్తే స్కూటరు పక్క సందులోకి తిప్పేవాణ్ణి. బెంచీలు సగం ఖాళీ అయ్యాయని, ఆవిడే అర్జీ హిందీలో రాసుకుంటున్నారని వింటూనే ఉన్నాను. మూడేళ్లకి ఆ అర్జీ ఫలించింది. కొత్త సీసాలు, కొత్త సాక్షులు, అవే రెండు నియమాలు. జార్ల మీద చీటీలు వచ్చాయి. ఊరు మాత్రం పాత మాట మార్చుకోలేదు.

నిరుడు చలికాలంలో సోనారిలో తన చెల్లెలి ఇంట్లో ఆవిడ పోయారు. పైడితల్లి చెబితే తెలిసింది. "ఆదివారం ఆదివారం అడిగీవోరు బాబూ, సింహాచలానికి ఇయాల డూటీయేటి అని. డూటీయే అని సెప్పీదాన్ని."

ఈ మధ్య బ్లాకు ఆఫీసుకి వెళ్లి నిజం రాసి ఇచ్చాను. గుమాస్తా చదివి, ఫైలు ఎప్పుడో మూసేశారు, ఆవిడా లేరు, ఇప్పుడిదెందుకు అన్నాడు. అక్కణ్ణుంచి పైడితల్లి దగ్గరికి వెళ్లి అదే కాగితం చదివి వినిపించాను. ఆమె గిన్నెలు తోముతూనే వింది. "నాకు తెలుసు. టీచరమ్మకీ తెలుసు. తెలీనిది ఈదిలోల్లకి. ఆపీసులో సెప్తే ఈదికి ఇనిపిత్తాదేటి?" అంది.

అందుకే ఇది రాస్తున్నాను. నాకేదైనా అన్యాయం జరిగితే ఇప్పటికీ ముందు పక్కింటి తలుపు తడతాను, మీకూ ఇలాగే జరిగిందా అని. ఆవిడ దగ్గర నేర్చుకున్నది అదే. ఆవిడకు జరిగిన దాని గురించి మాత్రం ఏ తలుపూ తట్టలేదు. ఇప్పుడు తడుతున్నాను. ఆ ఉదయం నేను మొదటినుంచీ అక్కడే ఉన్నాను. సీసాలు నా చేతుల్లో ఉన్నాయి. నీళ్లు జారులోంచే వచ్చాయి. పర్సుడీహ్ బజారులో ఇంకెవరైనా టీచరమ్మ సీసా మార్చిందని అంటే, మారింది సీసా కాదు, మాట; మార్చినవాడు సింహాచలం అని చెప్పండి.