పక్కసీటుకు చదివిన సమీక్ష

తమిళనాడు ధర్మపురిలో హోసూరు బస్సు ఎక్కి, పత్రికకు ఒక ఫోను ఆట మీద సమీక్ష రాస్తూ కూర్చున్నాను. మనమొక ఎత్తు వేస్తే శత్రువొక ఎత్తు వేసే యుద్ధమది. ఓడితే సంపాదించుకున్నదంతా పోయి, మళ్ళీ మొదటినుంచి ఆడాలి. పొద్దున్నే చివరి మెట్టు దాకా వెళ్ళి ఓడిపోయాను. ఆ మంట చల్లారకముందే రాస్తున్నాను.

పక్కసీటులోని నడివయసు ఆవిడ నా ఫోనులోకి తొంగి చూసింది.

"తెలుగా అప్పా అది? మా ఇంట్లో తెలుగే. ఇస్కూల్లో నేర్చింది తమిళం, ఇది సదివేకి రాదు. కొంచెం సదువు, వింటాను."

మొదటినుంచీ చదివాను. శత్రువు ఎక్కడ కొట్టబోతాడో తెరమీద ముందే కనిపిస్తుందని, అయినా తప్పించుకోలేమని, ఇది ఆట కాదు మోసమని రాశాను. ఆవిడ తలవంచుకుని చివరిదాకా విన్నది.

"యాడ కొడతాడో ముందే చెప్తాడంటివి. చెప్పి కొడితే మోసం ఎట్లయితుంది?"

మోసమని రాసిన వాక్యం దగ్గరికి మళ్ళీ వెళ్ళి చూసుకున్నాను.

"పోనీ, మళ్ళా ఆడతావా?"

"ఆడతానక్కా. ఇప్పుడే ఆడాలనుంది."

"ఆ మాట రాయలేదే నువ్వు."

మారండహళ్ళిలో సంచీ తీసుకుని దిగిపోయింది. ఆవిడ పేరైనా నేను అడగలేదు. బస్సు కదలగానే రాసిందంతా చెరిపేసి, ఆ మాటతోనే మళ్ళీ మొదలుపెట్టాను. ఇన్నాళ్ళలో పాఠకులు మెచ్చుకున్న నా మొదటి సమీక్ష అదే.

ఇప్పటికీ ఏ ఆట మీద రాసినా, పంపే ముందు ఒకసారి పైకి చదువుతాను. పక్కన ఎవరూ లేకపోయినా, పక్కసీటుకు వినిపించేటట్టు.