నల్లా వచ్చిన రోజు వీణ కంప్యూటర్

హుస్సేనీ ఆలంలో మేము అద్దెకున్న ఇంటి కింది వాటాలో వీణ ఉండేది. ఉన్న ఒక్క కంప్యూటర్‌తో గల్లీలోని ఆడపిల్లలకు పాఠాలు చెప్పేది. వాళ్ళు నేర్చుకోవడం కంటే పాడుచేయడమే ఎక్కువ. మాటిమాటికీ విండోస్ ఎక్కించలేక ఆమె ప్రాణం విసిగింది. 2008 ఎండాకాలంలో ఒక ఉపాయం పట్టింది. అప్పటికే లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకుంది కదా, ఇక విండోస్‌ను దాని లోపల వర్చువల్ మెషీన్‌గా, అంటే కంప్యూటర్‌లో ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌గా నడుపుతుందట. పిల్లలు దాన్ని ఏం చేసినా అసలుదానికి ఏమీ కాదు.

దానికి చోటు కావాలి. డిస్కులో లినక్స్ భాగం ఇరుకు. పక్క భాగంలో పిల్లలు సర్టిఫికెట్ కోసం చేసిన ప్రాజెక్టులున్నాయి. ఆ భాగాన్ని కుదించి దీన్ని పెంచాలి. మధ్యలో కరెంటు పోతే ప్రాజెక్టులన్నీ గంగపాలు. కాపీ తీసి పెట్టుకోవద్దా అని అడిగాను.

"సీడీ రైటర్ ఖరాబైంది అన్నా. ఏం కాదు తియ్యి," అంది.

ఇలాంటి ధైర్యం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

పని మొదలుపెట్టాక గానీ ఆమెకు గుర్తురాలేదు, అది నల్లా వచ్చే రోజని. నీళ్ళు రాగానే గల్లీ అంతా ఒకేసారి మోటార్లు వేస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు ఎగిరిపోతుంది. మాకది మామూలే. తెర మీద పని ఎంతయిందో చూపే నీలం గీత సగం కూడా దాటలేదు, బయట "నల్లా వచ్చింది!" అని కేక. వీణ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏందే, గట్లున్నవ్?" అంది ఆమె అత్త సక్కుబాయి.

"అత్తమ్మా, కరెంటు పోతే పిల్లల కష్టమంతా పోతది. నడిమిట్ల ఆపొద్దు."

నీళ్ళ దగ్గర సక్కుబాయి నోరంటే గల్లీకి హడల్. కొంగు బిగించి బయటికి వెళ్ళింది.

"ఇయ్యాల ఒక్కరు గూడ మోటర్ వెయ్యొద్దు! బిందెలతోని పట్టుకోండ్రి!"

"నీళ్ళు మీదికెట్ల ఎక్కుతయక్కా?" అన్నాడు ఎదురింటి రామ్‌చందర్.

"నీకు చేతులు లేవా? నీ బిడ్డ ప్రాజెక్టు గూడ అండ్లనే ఉంది!"

రామ్‌చందర్ బకెట్ అందుకున్నాడు. స్విచ్ వేయడం తప్ప ఎరగని నేనూ మెట్లెక్కి దిగి మోశాను, నడుం పట్టేసేదాకా. తిట్టుకుంటూ, నవ్వుకుంటూ గల్లీ అంతా మోసింది. ఇళ్ళల్లో ఫ్యాన్లు మాత్రం ఆగలేదు.

నీలం గీత చివరికంటా చేరగానే వీణ భోరున ఏడ్చేసింది, సంతోషంతోనే. ప్రాజెక్టులు ఒక్కొక్కటే తెరిచి చూసుకుంది. అన్నీ ఉన్నాయి. సాయంత్రానికి ఉత్తుత్తి కంప్యూటర్ కూడా లేచింది. ముందు ఎవరు కూర్చోవాలని పిల్లలు తోసుకుంటుంటే, సక్కుబాయి తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కుర్చీ లాక్కుంది.

"ఖరాబు చేసినా ఫికర్ లేదంటివి గద. ముందుగాల నాకు నేర్పు."